బైపాస్ తర్వాత సెడేషన్ అంచనా: మైనస్ 5 నుంచి ప్లస్ 3 దాకా ఒక కేసు

పేషెంట్‌కి 61 ఏళ్లు. నిజామాబాద్ వైపు పల్లె, వ్యవసాయం. చాలాకాలంగా షుగర్, బీపీ ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే ఛాతీలో బరువుగా ఉంటోందని వచ్చారు. యాంజియోగ్రాంలో మూడు ప్రధాన నాళాల్లోనూ బ్లాకులు కనిపించాయి. గుండె పంపింగ్ 45 శాతం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4, కాస్త ఎక్కువే. హార్ట్ లంగ్ మెషిన్ మీద మూడు గ్రాఫ్టుల బైపాస్ చేశారు. థియేటర్లో అంతా సాఫీగానే సాగింది. చెప్పుకోవాల్సిందంతా ఆ తర్వాత ఐసీయూలో జరిగింది. కార్డియాక్ అనస్థీషియా, ఆపరేషన్ తర్వాతి ఐసీయూ నా పని. పేషెంట్‌ని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.

మా ఐసీయూలో మత్తు (సెడేషన్) లోతును ర్యాస్ స్కేలుతో కొలుస్తాం. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో తయారై 2002లో ప్రచురితమైన స్కేలు ఇది. దానికి ముందు 1974 నాటి రామ్సే స్కేలు ఉండేది. అందులో ఆరు మెట్లే ఉంటాయి, ఆందోళన ఎంత తీవ్రంగా ఉన్నా అంతా ఒకే మెట్టులో సర్దేయాలి. ర్యాస్‌లో పది మెట్లున్నాయి. సున్నా అంటే మెలకువగా, నెమ్మదిగా ఉన్నట్టు. ప్లస్ 4 అంటే పక్కనున్న వాళ్ల మీద చెయ్యి చేసుకునేంత ఉద్రేకం. మైనస్ 5 అంటే పిలిచినా, గిల్లినా ఉలుకూ పలుకూ లేకపోవడం. ముందు దూరం నుంచి కాసేపు చూడాలి. తర్వాత పేరు పెట్టి పిలిచి కళ్లు తెరిచి చూడమనాలి. అప్పటికీ స్పందన లేకపోతేనే చేత్తో కదపాలి. నిమిషంలో అయిపోయే పరీక్ష, నర్సింగ్ విద్యార్థులకైనా ఒక్క పూటలో నేర్పవచ్చు. ఇంత తేలిక కాబట్టే అంకె వేసేసి ముందుకు వెళ్లిపోవడం అలవాటైపోతుంది. ఆ అంకె మత్తు ఎంత ఉందో చెబుతుంది, ఎందుకుందో చెప్పదు. ఈ పేషెంట్ విషయంలో ఆ తేడా ఒకటికి నాలుగుసార్లు ఎదురైంది.

ఐసీయూకి వచ్చిన మొదటి గంట

మధ్యాహ్నం 3.40కి బెడ్ మీదికి మార్చారు. ఒంటి ఉష్ణోగ్రత 35.1 డిగ్రీలు. మత్తుకి ప్రొపోఫాల్ కిలోకి నిమిషానికి 20 మైక్రోగ్రాములు, నొప్పికి ఫెంటానిల్ గంటకి 50 మైక్రోగ్రాములు వెళుతున్నాయి. సిస్టర్ పిలిచింది, భుజం పట్టి కదిపింది. ఏ కదలికా లేదు. చార్టులో మైనస్ 5 అని రాసింది. అది చూసి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్, "సార్, మరీ డీప్‌గా ఉన్నారు. ప్రొపోఫాల్ తగ్గించమంటారా?" అన్నాడు.

స్కేలు మాత్రమే చూస్తే అడగాల్సిన ప్రశ్నే. కానీ అదే అరగంటలో పై బీపీ 110 నుంచి 164కి పోయింది, గుండె వేగం 88 నుంచి 114కి చేరింది. ఛాతీలోంచి రక్తం బయటికి తెచ్చే డ్రెయిన్లలో పెద్దగా ఏమీ లేదు, ఆక్సిజన్ బాగానే ఉంది. కుడి కంటి చివర నీరు నిలిచి ఉంది. థియేటర్ నుంచి వచ్చిన అనస్థీషియా షీటు తిరగేస్తే ఛాతీ మూసే ముందు వెకురోనియం ఇంకో డోసు ఇచ్చినట్టుంది. కండరాలను కదలనీయకుండా చేసే మందు అది. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు, మూత్రపిండాలు కాస్త మందగించినప్పుడు అనుకున్నదానికంటే ఎక్కువసేపు నిలుస్తుంది. మణికట్టు దగ్గర నర్వ్ స్టిమ్యులేటర్ పెట్టి వరసగా నాలుగు చిన్న షాకులు ఇచ్చాం. బొటనవేలు ఒక్కసారి మాత్రం, అదీ కనీకనపడనట్టు కదిలింది.

అంటే ఆయన పలకకపోవడానికి మత్తే కారణమని చెప్పలేం. లోపల మెలకువ వచ్చేస్తున్నా వేలు కూడా కదపలేని స్థితి కావచ్చు. ఛాతీ ఎముక కోసి తీగలతో కట్టిన మనిషికి అంతకంటే నరకం ఉండదు. ఆ సమయంలో ప్రొపోఫాల్ తగ్గిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మెదడు తరంగాలను బట్టి మత్తు లోతును అంకెగా చెప్పే బిస్ మానిటర్ నుదుటి మీద ఉంది, 71 చూపిస్తోంది. థియేటర్లో మామూలుగా 40 నుంచి 60 మధ్య ఉంచుతాం. బిస్ మాటే వేదం అని నేననను. ఒళ్లు వెచ్చబెట్టే బ్లాంకెట్, పేస్‌మేకర్ లాంటివి కూడా దాని అంకెను చెడగొడతాయి. కానీ బీపీ, గుండె వేగం, కన్నీరు, బిస్ నాలుగూ ఒకే వైపు చూపిస్తుంటే పట్టించుకోకపోవడానికి కారణమేమీ కనపడలేదు. ఫెంటానిల్ ఒక డోసు ఒకేసారి (బోలస్) ఇచ్చి, ప్రొపోఫాల్ 40కి పెంచాం. పది నిమిషాల్లో బీపీ 118కి దిగింది, బిస్ 52కి వచ్చింది.

చార్టులో మైనస్ 5 కొట్టేయించి, "కండరాల మందు ప్రభావం ఉంది, ర్యాస్ వేయలేం" అని రాయించాను. ఇది చాదస్తంగా అనిపించవచ్చు. కానీ షిఫ్టు మారాక వచ్చేవాళ్లకి కనిపించేది ఆ గడిలో ఉన్నదే. మైనస్ 5 చూసినవాళ్ల చెయ్యి వెంటనే పంపు మీదికి పోతుంది, తగ్గించడానికి. గడిలో మాట ఉంటే ముందు ఆగి చదువుతారు.

పిలవడం కూడా పరీక్షలో భాగమే

సాయంత్రం ఏడుకి ఉష్ణోగ్రత 36.6కి వచ్చింది. నాలుగు షాకులకీ బొటనవేలు నాలుగుసార్లు గట్టిగా కదిలింది. డ్రెయిన్ గంటకి 40 మిల్లీలీటర్ల లోపే ఉంది. మధ్యలో కాసేపు వణుకు వచ్చి, వేడిగాలి బ్లాంకెట్‌తో, చిన్న డోసు పెథిడిన్‌తో తగ్గింది. ప్రొపోఫాల్ తగ్గిస్తూ వచ్చాం.

నొప్పి చూడకుండా మత్తు చూడకూడదన్నది మా దగ్గర నియమం. నోట్లో ట్యూబు ఉన్న మనిషి నొప్పి ఎంతో చెప్పలేడు కాబట్టి సీపాట్ అనే నొప్పి స్కేలు వాడతాం. కెనడాలో గుండె ఆపరేషన్ పేషెంట్ల మీదే మొదట పరీక్షించి 2006లో ప్రచురించిన పద్ధతి కావడంతో మా పనికి బాగా సరిపోతుంది. ముఖకవళికలు, ఒంటి కదలికలు, కండరాల బిగువు, వెంటిలేటర్‌తో సర్దుకుపోవడం అనే నాలుగింటికి ఒక్కోదానికి 2 దాకా, మొత్తం 8. అది 3కి చేరాక కూడా మత్తే పెంచుతూ పోతే నొప్పి తగ్గదు, అరుపు మాత్రం ఆగుతుంది. ఈయనకి ఆ సమయంలో 1 వచ్చింది.

ఎనిమిదింటికి ర్యాస్ మైనస్ 3 అని చార్టులో పడింది. పిలిస్తే కనురెప్పలు కదులుతున్నాయి గానీ చూపు కలవడం లేదు. ప్రొపోఫాల్ 10కి వచ్చి చాలాసేపైంది. ఇంకా లేవకపోతే మెదడులో ఏదైనా జరిగిందేమో, సీటీకి పంపుదామా అన్న మాట కూడా వచ్చింది. గుండె ఆపరేషన్ తర్వాత ఆ టెన్షన్ ఎప్పుడూ ఉండేదే. చేతులూ కాళ్లూ సమానంగా కదులుతున్నాయా అని రెండుసార్లు చూశాం, తేడా లేదు. కనుపాపలు రెండూ సమానం.

ఆ షిఫ్టులో ఉన్నది కేరళ అమ్మాయి, మా యూనిట్‌లో అందరికంటే ఓపికస్తురాలు. ఫైలులో ఉన్న మూడు ముక్కల పేరుతో పిలిచి పిలిచి విసిగి, బయట కూర్చున్న కూతురి దగ్గరికి వెళ్లి "ఇంట్లో ఏమని పిలుస్తారు?" అని అడిగింది. ఫైలులోని పేరు ఆధార్ కార్డులో తప్ప ఎవరి నోటా వినపడదట. పైగా ఎడమ చెవి సరిగా వినపడదట. ఇది ఫైల్లో ఎక్కడా లేదు. సిస్టర్ వచ్చి కుడి చెవి వైపు వంగి, కూతురు చెప్పినట్టే అంది: "బాపూ, కండ్లు తెరువు. ఇటు సూడు."

కళ్లు తెరిచారు. సిస్టర్ మొహం వైపు చూశారు. ఆమె మనసులో ఒకటి నుంచి పది లెక్కపెట్టుకుంటోంది, పెదాలు కదలడం నాకు కనిపిస్తోంది. పది దాటింది, చూపు నిలిచే ఉంది. మైనస్ 1. చూపు నిలవకుండా పది సెకన్లలోపే వాలిపోయి ఉంటే మైనస్ 2 అయ్యేది. రెండు నిమిషాల క్రితం ఉన్న మైనస్ 3కి, దీనికి మధ్య ఏ మందూ మారలేదు. మారింది పిలుపు, చెవి.

రాత్రి 9.30కి ట్యూబు తీశాం. ఐసీయూకి వచ్చిన ఆరు గంటల్లోపే. ఆ మైనస్ 3నే నమ్ముకుని ఉంటే తెల్లారేదాకా వెంటిలేటర్ మీదే ఉంచేవాళ్లం, మధ్యలో స్కానింగ్‌కి ఓ ప్రయాణం కూడా పడేది.

ఇక్కడే ఇంకో మాట. పిలుపుకి పలకనప్పుడు ఛాతీ ఎముక మీద వేళ్లతో రుద్దమని ర్యాస్ పుస్తకంలో ఉంటుంది. జనరల్ ఐసీయూల నుంచి కొత్తగా వచ్చినవాళ్ల చెయ్యి అలవాటుగా అక్కడికే పోతుంది. మా వార్డులో అది ఆ రోజే కోసి కట్టిన ఎముక. దాని జోలికి పోకూడదు. మెడ, భుజం కలిసేచోట కండరం పట్టుకుని నొక్కితే చాలు.

రెండో రాత్రి

మరుసటి రోజు కుర్చీలో కూర్చున్నారు, ఇడ్లీ తిన్నారు. ర్యాస్ సున్నా. నొప్పి ఎంతంటే పదికి మూడన్నారు. రాత్రి మాత్రం అస్సలు నిద్ర పట్టలేదని నైట్ సిస్టర్ రాసింది. ఐసీయూలో నిద్ర పట్టకపోవడం కొత్తేం కాదు కాబట్టి అది నోట్‌గానే ఉండిపోయింది.

రెండో రోజు సాయంత్రానికి కాళ్లు ఆడించడం, దుప్పటి తీసి పడేయడం మొదలైంది. ప్లస్ 1. తొమ్మిదింటికి ఆక్సిజన్ మాస్కు లాగేశారు. పదకొండుకి మెడలో పెద్ద సిరలోకి వేసిన సెంట్రల్ లైన్ మీద చెయ్యి వేశారు, ఆపబోయిన వార్డ్‌బాయ్‌ని తోసేశారు. ప్లస్ 3. గుండె 138 వేగంతో, లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పడింది, బీపీ 172. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు. మిగతా ఐసీయూల్లో ప్లస్ 3 అంటే ట్యూబులు ఊడతాయని భయం. మాకు ఎముక కట్లు తెగుతాయని, గుండెకి తాత్కాలికంగా కుట్టిన పేసింగ్ వైర్లు లాగితే గుండె చుట్టూ రక్తం చేరుతుందని భయం. ఛాతీ చుట్టూ బైండర్ బిగించి, ఇద్దరు చెరోవైపు నిలబడ్డారు.

ఇలాంటప్పుడు చూడాల్సినవి వరసగా చూశాం. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ బాగానే ఉన్నాయి. షుగర్ 168. సోడియం మామూలుగానే ఉంది, పొటాషియం 3.4 ఉంటే సరిచేశాం, మెగ్నీషియం ఇచ్చాం. ఎకోలో గుండె చుట్టూ నీరు లేదు. మూత్రం పైపు మూసుకుపోలేదు. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, పొట్ట ఉబ్బి పెనుగులాడే పెద్దవాళ్లకి మత్తు మందిచ్చిన సందర్భాలు ప్రతి ఐసీయూలోనూ ఉంటాయి. మాట ముద్దగా లేదు, ఒక వైపు బలహీనత లేదు. క్యామ్ ఐసీయూ అనే పరీక్షలో డెలీరియం, అంటే మతి చెదిరి అయోమయంలో పడటం, ఉందనే వచ్చింది.

గుండె లయకి ఎమియోడరోన్ మొదలుపెట్టాం. ఉద్రేకం తగ్గడానికి హాలోపెరిడాల్ 1 మిల్లీగ్రాము ఇచ్చి, కాసేపాగి ఇంకొకటి ఇచ్చాం. ఫలితం లేదు. ఈసీజీలో క్యూటీ (గుండె గదులు ఒక్కో స్పందన తర్వాత తేరుకునేదాకా పట్టే సమయం) 486 మిల్లీసెకన్లకి సాగింది, ఎమియోడరోన్ ఎలాగూ దాన్ని సాగదీస్తుంది. అక్కడితో హాలోపెరిడాల్ ఆపేసి, మొదట్లో ఒకేసారి ఇచ్చే పెద్ద డోసు (లోడింగ్) లేకుండా, మరో రకం మత్తుమందు డెక్స్‌మెడిటొమిడిన్ కిలోకి గంటకి 0.4 మైక్రోగ్రాముల దగ్గర మొదలుపెట్టాం.

గంటలో గుండె వేగం 104కి దిగింది, వణుకు సగమైంది. ర్యాస్ ప్లస్ 1. చార్టు మాత్రమే చూసేవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. బెడ్ దగ్గర నిలబడితే వేరేగా ఉంది. చెమట ఆగలేదు. గాలిలో ఏదో ఏరుతున్నట్టు వేళ్లు ఆడుతున్నాయి. దుప్పటి మీద పురుగులున్నాయని దులుపుతున్నారు. మందు పైపై లక్షణాలను నెమ్మదింపజేసింది, లోపల జరిగేది జరుగుతూనే ఉంది.

కల్లు

ఆపరేషన్‌కి ముందు నింపిన ఫారంలో 'మద్యం: లేదు' అని ఉంది. అర్ధరాత్రి దాటాక కారిడార్‌లో ఆయన భార్యని మళ్లీ అడిగాను. "తాగుడు లేదు సారూ, బీడీ గూడ బంద్ జేసిండు" అంది.

"కల్లు?"

"కల్లా? అది అందరు తాగేదే గద. పొద్దుగాల రెండు సీసలు, మాపటికి రెండు."

"ఎన్నేండ్ల సంది?"

"నా పెండ్లయినప్పటి సంది."

ఆమె దాచిందేమీ లేదు. ఆమె లెక్కలో అది తాగుడు కాదు, అంతే. తెలంగాణలో పని చేసే డాక్టర్లకి ఆ తర్వాతి కథ తెలుసు. చెట్టు నుంచి దించిన అసలు కల్లు వేరు, చాలాచోట్ల సీసాల్లో అమ్మేది వేరు. అందులో డైజిపామ్, అల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. 2015లో కల్తీ మీద దాడులు జరిగి సరుకు ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎంతోమంది వణుకు, మూర్ఛలు, పిచ్చి మాటలతో ఆసుపత్రుల్లో చేరారు. రోజూ నాలుగు సీసాలు తాగే మనిషి ఏళ్ల తరబడి తనకు తెలియకుండానే నిద్రమాత్రల మీద ఉన్నట్టు లెక్క.

మరి ఇంత ఆలస్యంగా ఎందుకు బయటపడింది? ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు అడ్మిట్ అయ్యారు, కల్లు అక్కడితో ఆగింది. ఆ రెండు రాత్రులూ నిద్రకని మనమే అల్ప్రజోలామ్ మాత్ర ఇచ్చాం, చాలా ఆసుపత్రుల్లో అది మామూలే. థియేటర్లో మిడజోలామ్, తర్వాత ప్రొపోఫాల్. అన్నీ మెదడులో ఒకే వ్యవస్థ మీద పనిచేసేవే. చివరిదైన ప్రొపోఫాల్ ఆగాక గడియారం మొదలైంది. మొదటి రాత్రి నిద్ర పట్టకపోవడం దాని తొలి గంట. మూత్రంలో బెంజోడయజిపైన్ (అల్ప్రజోలామ్, డైజిపామ్ జాతి మందుల) టెస్ట్ చేయిద్దామా అని జూనియర్ అడిగాడు. పాజిటివ్ వస్తుంది, అది కల్లుదో మనం ఇచ్చినదో దేవుడికే తెలియాలి.

గుండె ఆపరేషన్ తర్వాత సెడేషన్‌కి బెంజోడయజిపైన్ల కంటే ప్రొపోఫాల్ మేలని 2018 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. మిడజోలామ్ పంపులు మా యూనిట్‌లో దాదాపు కనపడవు, అది నా పట్టుదల కూడా. ఈ కేసులో మాత్రం కావాల్సింది అదే జాతి మందు. డెక్స్‌మెడిటొమిడిన్ ఎంత పెంచినా, అలవాటైన మందు ఆగినప్పటి విత్‌డ్రాయల్‌లో వచ్చే మూర్ఛను ఆపదు. లోరాజెపామ్ 2 మిల్లీగ్రాములు నెమ్మదిగా ఐవీలో ఇచ్చాం, అరగంట తర్వాత మళ్లీ ఇచ్చాం. దానికి ముందే థయామిన్ (విటమిన్ బీ1) వెళ్లింది. మద్యం విత్‌డ్రాయల్‌కి వాడే ప్రశ్నల స్కేలు ఒకటుంది గానీ, పేషెంట్ సమాధానాలు చెప్పగలిగితేనే అది పనికొస్తుంది. అందుకని ర్యాస్‌నే లక్ష్యంగా పెట్టుకున్నాం: సున్నా నుంచి మైనస్ 1 మధ్య ఉంచాలి, ప్లస్ 1 దాటితే ఇంకో డోసు, మైనస్ 2కి దిగితే ఆపి చూడాలి. తెల్లవారుజామున నాలుగుకి సున్నా. చెమట ఆరింది. ఉదయం ఆరున్నరకి గుండె మామూలు లయకి వచ్చింది.

నెమ్మదిగా ఉన్న రోజు

మూడో రోజు పొద్దున రౌండ్స్‌లో ఆయన కళ్లు మూసుకుని పడుకుని ఉన్నారు. పిలిస్తే తెరిచి, వెంటనే మూస్తున్నారు. మైనస్ 2. రాత్రంతా పెనుగులాట చూసిన వాళ్లందరికీ ఇది పండగలా ఉంది. సర్జన్ కూడా "గుడ్, స్టెప్‌డౌన్‌కి పంపేద్దాం" అన్నారు. ఐసీయూకి, వార్డుకి మధ్య ఉండే యూనిట్ అది.

నాకు ఇదే ఎక్కువ అనుమానంగా అనిపించింది. గోల చేసే డెలీరియం అందరికీ కనపడుతుంది. మూలకి ముడుచుకుని పడుకునే డెలీరియం ఎవరికీ ఇబ్బంది పెట్టదు కాబట్టి ఎవరూ చూడరు. ర్యాస్ మైనస్ 3 లేదా అంతకంటే పైన ఉంటే క్యామ్ ఐసీయూ చేయవచ్చు, చేశాం. ఇంగ్లీషు పద్ధతిలో పది అక్షరాలు వరసగా చదువుతూ 'ఏ' వినపడ్డప్పుడల్లా చెయ్యి నొక్కమంటారు. ఇంగ్లీషు అక్షరాలు రాని పెద్దాయనకి అది పనికిరాదు. మేం అంకెలు చదివి, 'ఒకటి' అన్నప్పుడు నొక్కమంటాం. ఇది మా సౌకర్యం కోసం చేసుకున్న మార్పు. స్కేలుకున్న శాస్త్రీయ పరీక్ష దీనికి జరగలేదు. పదిలో రెండు తప్పుల దాకా సరే. ఆయన రెండుసార్లు సరిగ్గా నొక్కి, తర్వాత ప్రతి అంకెకీ నొక్కుతూ పోయారు, చివరికి చెయ్యి వదిలేశారు.

ఆలోచన తీరు చూసే ప్రశ్నల్లో మొదటిది, రాయి నీళ్లలో తేలుతుందా అని. రామాయణం విన్న పెద్దవాళ్లు తేలుతుందని నవ్వుతూ చెబితే డెలీరియం మార్కు వేయడం న్యాయం కాదు. అందుకే మేం రెండో సెట్టులో ఉన్న ఆకు ప్రశ్న అడుగుతాం. ఆకు తేలుతుందా అంటే ఆయన "మోటర్ బంద్ జెయ్యి" అన్నారు.

రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 52కి చేరింది. లోరాజెపామ్ పేరుకుని ఊపిరి మందగిస్తోందన్నమాట. డోసు సగానికి తగ్గించాం, స్టెప్‌డౌన్ ఆపాం. మందుల కంటే మిగతావే ఎక్కువ పని చేశాయి: కళ్లజోడు తెప్పించాం, కిటికీ పక్క బెడ్‌కి మార్చాం, భార్యని పగలంతా కుడి చెవి వైపు కూర్చోమన్నాం. డెక్స్‌మెడిటొమిడిన్ రాత్రుళ్లు మాత్రం కొద్దిగా ఉంచాం. నాలుగో రోజు సాయంత్రం అంకెల పరీక్షలో ఒక్క తప్పే వచ్చింది. మనవడి పేరు చెప్పి, పొలంలో నీళ్లు ఎవరు పెడుతున్నారని అడిగారు.

వార్డుకి, ఇంటికి

ఐదో రోజు వార్డుకి మార్చాం. సైకియాట్రిస్ట్ వచ్చి చూసి, లోరాజెపామ్ బదులు నెమ్మదిగా దిగే డైజిపామ్ పెట్టి, వారాల మీద తగ్గించే షెడ్యూలు రాశారు. ఆ కాగితాన్ని కూతురికి తెలుగులో రాసిచ్చాం. మధ్యలో మాత్ర ఒక్కసారిగా మానేయొద్దని, ఊళ్లో ఎవరైనా 'నిద్రమాత్ర ఎందుకు' అని ఆపేయమంటే ముందు మాకు ఫోన్ చేయమని చెప్పాం. కల్లు మళ్లీ మొదలుపెడితే మాత్రతో కలిసి ఊపిరి మందగిస్తుందన్నది భార్యకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మా ఫారంలో ఇప్పుడు మద్యం గడి కింద కల్లుకి వేరే గడి ఉంది: రోజుకి ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, చివరిసారి ఎప్పుడు. దాని పక్కనే ఇంట్లో పిలిచే పేరు, బాగా వినపడే చెవి. సెడేషన్ చార్టులో ర్యాస్ వరసకి పైన నర్వ్ స్టిమ్యులేటర్ వరస వచ్చింది. అది నింపకుండా మొదటి ఆరు గంటల్లో ర్యాస్ వేయకూడదు.

రోజూ కల్లు తాగుతానని ముందే చెప్పిన పేషెంట్‌ని ఏం చేయాలన్నది మాత్రం మా టీములో ఇంకా తెగలేదు. తొందర లేని ఆపరేషన్ అయితే వారం వాయిదా వేసి, డైజిపామ్ మీద నిలబెట్టి తీసుకెళదామంటాను నేను. అన్నిరోజులు బెడ్ ఆపడం కష్టమని, ప్రధాన నాళంలో బ్లాకున్న వాళ్లని ఇంటికి పంపలేమని సర్జన్లంటారు. ప్రస్తుతానికి ఒప్పందం ఇలా ఉంది: వాయిదా లేదు, కానీ అడ్మిషన్ రోజు నుంచే లెక్క ప్రకారం డైజిపామ్, ట్యూబు తీసిన ఆరు గంటల్లో తిరిగి మొదలు, రెండో రాత్రి ఆ బెడ్ దగ్గర సీనియర్ సిస్టర్ డ్యూటీ.